స్వాహిలీ స్వయంబోధిని – 6వ పాఠం: గడియారం చెప్పడం

తూర్పు ఆఫ్రికాలో, టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో ఎవరైనా ‘రేపు సా మ్బిలి అసుబూహికి రండి’ అంటే పొద్దున్న ఎనిమిదింటికి వెళ్లాలి. ‘మ్బిలి’ అంటే రెండని పోయిన పాఠంలో నేర్చుకున్నాం. ‘సా’ అంటే గంట, ‘అసుబూహి’ అంటే ఉదయం. మాటలన్నీ తెలిసినవే, అయినా అర్థం ఎనిమిది. ఈ పాఠమంతా ఆ ముడి విప్పడానికే.

స్వాహిలీ గంటలు అర్ధరాత్రి నుంచి కాదు, పొద్దు పొడుపు నుంచి మొదలవుతాయి. సూర్యుడు వచ్చాక ఒక గంట నిండితే సా మోజ, రెండు నిండితే సా మ్బిలి. పొద్దు గుంకాక మళ్లీ ఒకటి నుంచి లెక్క. భూమధ్యరేఖ దగ్గర ఈ పద్ధతికి ఇబ్బంది లేదు. నైరోబీలో ఏడాది పొడుగునా సూర్యోదయం సుమారు ఆరుంబావుకీ పావు తక్కువ ఏడుకీ మధ్యనే. మన కోనసీమలో జూన్‌లో ఐదున్నరకే తెల్లారుతుంది, జనవరిలో ఆరున్నర దాటుతుంది. అక్కడ అంత తేడా లేకపోయినా వాడుకలో సూర్యుడి కోసం ఎదురుచూడరు. గడియారంలో ఆరుని పొద్దు పొడుపుగా ఖాయం చేసుకున్నారు.

‘ఆరు తీసెయ్, ఆరు కలుపు’ అని లెక్క కట్టుకుంటూ పోతే మాట్లాడేటప్పుడు తడబాటు తప్పదు. అంతకంటే మంచి ఆసరా మన ఇళ్లలోనే ఉంది: జాము. పంచాంగం లెక్కలో రోజుకి 60 గడియలు, గడియకి 24 నిమిషాలు, ఏడున్నర గడియలు ఒక జాము, అంటే మూడు గంటలు. ‘జాము పొద్దెక్కింది’ అంటే తొమ్మిదయిందన్నమాట. స్వాహిలీలో అది సా తాతు, మూడు. రెండు జాములు నడిమధ్యాహ్నం, సా సీత, ఆరు. మూడు జాములకి సా తీస, తొమ్మిది. నాలుగు జాములు నిండితే పొద్దు గుంకుతుంది, సా కూమి న మ్బిలి, పన్నెండు. మన ప్రామాణిక సమయానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడ పక్కనుంచే పోతుంది కాబట్టి డెల్టాలో గడియారపు పన్నెండూ నడినెత్తి సూర్యుడూ ఇంచుమించు కలిసే ఉంటాయి. ఈ జాముల కొలత ఇక్కడివారికి బాగా అతుకుతుంది.

ముందు ఈ నాలుగు మేకులూ గట్టిగా కొట్టుకోండి: 9 అంటే తాతు, 12 అంటే సీత, 3 అంటే తీస, 6 అంటే కూమి న మ్బిలి. మిగిలిన గంటలు వాటికి ఒకటి అటో ఇటో. సీత, తీస మాత్రం జాగ్రత్త. అక్షరాలు తారుమారైతే మధ్యాహ్నం పన్నెండు మూడైపోతుంది, రావలసిన మనిషి మూడు గంటలు ఆలస్యం. ‘సీతమ్మ ఆరు’ అని గుర్తు పెట్టుకుంటే చాలు. గుడ్ ఫ్రైడే ఆరాధన మన ఊళ్లలో పన్నెండు నుంచి మూడు దాకా జరుగుతుంది. స్వాహిలీ చర్చిలో అదే వేళని సీత నుంచి తీస దాకా అంటారు. బైబిల్లోని ఆరో గంట, తొమ్మిదో గంట అనే పాత యూదుల లెక్కని అక్కడ మార్చి చెప్పాల్సిన పనే రాలేదు.

చేతి గడియారం ఉంటే ఇంకా సులువు. చిన్న ముల్లు చూపే అంకెని కాదు, దానికి సరిగ్గా ఎదుటి అంకెని చదవండి. ముల్లు 8 మీద ఉంటే ఎదుట 2. పెద్ద ముల్లు జోలికి మాత్రం పోవద్దు, నిమిషాలు ఎక్కడైనా నిమిషాలే. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే: దాన్నీ తిప్పేసి పావుని ముప్పావు చేస్తారు.

పావులు, అరలు తెలుగువాడికి పుట్టుకతో వచ్చినట్టే. ‘న రోబో’ అంటే పావు, ‘న నూసు’ అంటే అర, ‘కసోరో రోబో’ అంటే పావు తక్కువ. సా మ్బిలి న నూసు అసుబూహి అంటే ఎనిమిదిన్నర. సా మ్బిలి కసోరో రోబో అంటే పావు తక్కువ ఎనిమిది, 7:45. మనం ‘పావు తక్కువ’ ముందు చెప్పి అంకె తర్వాత చెబుతాం. వాళ్లు అంకె ముందు చెబుతారు. మ్బిలి వినగానే ఎనిమిదని లేచిపోకుండా వాక్యం చివరిదాకా వినాలి. నిమిషాలైతే ‘దకీక’: కసోరో దకీక తానో, ఐదు నిమిషాలు తక్కువ.

పలకడంలో ఒక మాట. మ్బిలిని ‘ఎంబిలి’ అనో ‘ముబిలి’ అనో అచ్చు తగిలించి పలకొద్దు. పెదాలు మూసి ‘మ్’ అని, అక్కణ్ణించే ‘బి’లోకి వదలాలి.

వేళ పేరు చెప్పకపోతే సా మ్బిలి పొద్దున్నో రాత్రో తేలదు. తెల్లవారుజాముకి అల్ఫజీరి, ఉదయానికి అసుబూహి, పగటికి మ్చాన, మూడు నాలుగు గంటల వేళకి అలసీరి, సాయంత్రానికి జియోని, రాత్రికి ఉసీకు. సా సీత ఉసీకు అర్ధరాత్రి. ఉదయం ఆరు సా కూమి న మ్బిలి అసుబూహి. ఉదయానికి పన్నెండేమిటి అనిపిస్తుంది; రాత్రి పన్నెండు గంటలూ నిండాయని దాని లెక్క.

ఇంటి దగ్గర్నుంచి ఫోన్ చేసేవారికి ఒక అడ్డదారి. టాంజానియా, కెన్యా మనకంటే రెండున్నర గంటలు వెనక. మన టైముకి మూడున్నర కలిపితే నేరుగా స్వాహిలీ గంట వస్తుంది, పన్నెండు దాటితే పన్నెండు తీసెయ్యాలి. రాజోలులో రాత్రి 9:30 అయితే అక్కడ సా మోజ ఉసీకు, అంటే ఏడు గంటలు, భోజనాల వేళ. మన పొద్దున్న ఆరు గంటలకి అక్కడ సా తీస న నూసు ఉసీకు. అప్పుడు చెయ్యకండి.

చేతిలోని ఫోన్లు, విమానం టికెట్లు మామూలు గంటలే చూపిస్తాయి. మాటల్లో మాత్రం స్వాహిలీ గంటలు. చేత్తో రాసిన బస్సు టికెట్ మీదో దుకాణం బోర్డు మీదో 1:00 అని ఉంటే ఏ లెక్కో పోల్చుకోలేం. మొహమాటం లేకుండా అడగండి: ‘సా జా కిస్వాహిలీ ఔ జా కిజుంగు?’ స్వాహిలీ గంటలా, తెల్లవాళ్ల గంటలా అని. ఇంగ్లీషులో మాట్లాడితే అదే మనిషి మామూలు గంటలే చెబుతాడు. భాష మారితే గడియారమూ మారుతుంది.

ఆఫ్రికా ఖండమంతా ఇలాగే అనుకోవద్దు. ఉగాండాలో లుగాండా భాషలోనూ, ఇథియోపియాలోనూ ఇదే పద్ధతి. లాగోస్‌లో, జొహాన్నెస్‌బర్గ్‌లో ఇది చెల్లదు.

అభ్యాసం: వీటిని పైకి చదివి చెప్పండి.
1. సఖినేటిపల్లి రేవులో పంటు ఉదయం 7:30.
2. రావులపాలెంలో బస్సు మధ్యాహ్నం 1:15.
3. కాకినాడలో రైలు సాయంత్రం 5:45.
4. అంతర్వేది తీర్థంలో రాత్రి 12:30.

జవాబులు: సా మోజ న నూసు అసుబూహి, సా సాబ న రోబో మ్చాన, సా కూమి న మ్బిలి కసోరో రోబో జియోని, సా సీత న నూసు ఉసీకు. మూడోదానికి ‘కూమి న మోజ’తో మొదలుపెట్టినవాళ్లు కసోరో పేరా ఇంకోసారి చదవండి.