కెమెరా తీసే ముందు తూర్పు ఎటో చూసుకోండి

నేను ప్రొద్దుటూరు దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని. పాఠ్యపుస్తకంలో కోటలు, గుళ్లు అగ్గిపెట్టెంత బొమ్మల్లో ఉంటాయి. పిల్లలకు అవి ఆనవు. అందుకే సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి నా ఫోటోలు నేనే తీసుకొచ్చి క్లాసులో చూపిస్తున్నాను. నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెనాన్ 1500డి, దాంతో వచ్చిన 18-55 లెన్స్, తర్వాత డబ్బు కూడబెట్టి కొన్న, దూరపువాటిని దగ్గరికి లాగే 55-250 లెన్స్. ఇంతకు మించి సామాను లేదు. ఫోన్‌తో తీసేవాళ్లకు కూడా నేను చెప్పేవాటిలో చాలా వరకు పనికొస్తాయి.

మొదటిసారి గండికోటకు వెళ్లినప్పుడు ఇంట్లో వంట చేసుకుని, క్యారియర్ సర్దుకుని, జమ్మలమడుగులో ఆటో మాట్లాడుకుని చేరేసరికి పన్నెండు దాటింది. రెండు వందల ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే లోయకు లోతే లేదు. ఎర్రరాయి తెల్లగా పాలిపోయింది, ఆకాశం సున్నం కొట్టిన గోడలా ఉంది. కెమెరా తప్పేమో అనుకున్నాను. సూర్యుడు నడినెత్తిన ఉంటే రాతికి నీడ పడదు, నీడ లేకపోతే ఫోటోలో లోతు కనబడదు. ఇది నాకు రెండో ప్రయాణంలో గానీ అర్థం కాలేదు.

అప్పటి నుంచి ఏ ఊరికి బయల్దేరినా ముందు రాత్రి ఒక పని చేస్తాను. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, నేను వెళ్లే చోట తూర్పు ఎటుందో, నేను ఎటు తిరిగి నిలబడతానో చూసుకుంటాను. దీనికి సూర్యుడు ఏ నెలల్లో దక్షిణం వైపు, ఏ నెలల్లో ఉత్తరం వైపు ఉంటాడో గుర్తుంటే చాలు. నవంబర్ నుంచి జనవరి దాకా మన ప్రాంతంలో సూర్యుడు ఆగ్నేయంలో లేచి, రోజంతా దక్షిణం వైపే నడిచి, నైరుతిలో దిగుతాడు. అంటే చలికాలంలో ఉత్తరం వైపు తిరిగి ఫోటో తీస్తే వెలుగు మీ వీపు వెనక నుంచి పడుతుంది. దక్షిణం వైపు తిరిగితే కళ్లల్లో పడుతుంది. మే, జూన్, జూలైల్లో సూర్యుడు ఈశాన్యంలో లేస్తాడు, మధ్యాహ్నం కూడా కాస్త ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. గుడి ఉత్తరపు గోడ మీది శిల్పాలకు ఏటవాలు ఎండ తగిలేది ఆ నెలల్లోనే. చలికాలంలో ఆ గోడ పొద్దున్నించి సాయంత్రం దాకా నీడలోనే ఉంటుంది. ఇది తెలియక చాలామంది డిసెంబర్‌లో వెళ్లి ఉత్తరపు గోడ చీకటిగా వచ్చిందని బాధపడతారు.

గండికోటనే తీసుకోండి. కోట పెన్నకు కుడి గట్టున, అంటే దక్షిణం వైపు ఉంది. జామియా మసీదు దాటి బండల మీదికి వెళ్తే లోయ కనబడే చోటు వస్తుంది. అక్కడ నిలబడితే ఎదురుగా లోయ ఉత్తరపు రాతిగోడ, కుడి చేతి వైపు మైలవరం దిక్కున తూర్పు. చలికాలం పొద్దున ఆరు కాకముందే అక్కడ ఉండండి. హరిత హోటల్లో గది దొరికితే తేలిక, లేకపోతే జమ్మలమడుగులో పడుకుని తెల్లవారుజామునే ఆటో మాట్లాడుకోవాలి. సూర్యుడు రాకముందు ఆకాశంలో రంగులుంటాయి. అప్పుడు కెమెరాను ఏదైనా రాయి మీద ఆనించి, టైమర్ పెట్టి తీయండి. సూర్యుడు లేచాక చాలామంది సర్దుకుని వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి. లేచిన వెంటనే కింద నది ఇంకా నీడలోనే ఉంటుంది, ఎదుటి గోడ పైభాగం మాత్రం మండుతున్నట్టు ఉంటుంది. మరో గంటకు వెలుగు మెల్లగా కిందికి దిగుతుంది. నాకు నచ్చిన ఫోటోలన్నీ ఆ గంటలో తీసినవే.

ల్యాండ్‌స్కేప్‌కు నేను ఎఫ్ 8 లేదా ఎఫ్ 11 (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), ఐఎస్ఓ 100 (కెమెరా వెలుతురుకు ఎంత స్పందించాలో చెప్పే అంకె) పెడతాను. ఆకాశం తెల్లగా పోతుంటే ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫోటోలో పడే వెలుతురును, ఒక మెట్టు తగ్గిస్తాను. ఫోన్‌లో అయితే ఆకాశం మీద వేలు కాసేపు నొక్కి ఉంచి, వెలుతురు గీతను కిందికి జరపండి. ఉత్త లోయను తీస్తే అది ఎంత లోతో చూసేవాళ్లకు అందదు. ముందు భాగంలో ఒక బండనో, ముళ్లచెట్టునో, దూరంగా అంచు మీద కూర్చున్న మనిషినో ఉంచండి. అంచు దగ్గర కంచె లేని చోట్లు చాలా ఉన్నాయి. కెమెరాలో చూస్తూ ఒక్క అడుగు కూడా వెనక్కి వేయకండి. ముందు ఆగండి, కెమెరా దించండి, అడుగు చూసి వేయండి, మళ్లీ ఎత్తండి. వాన పడ్డ రోజు ఆ బండలు జారతాయి, అంచు దాకా అసలు వెళ్లొద్దు.

పక్షుల దగ్గర నాకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. అక్టోబర్ నుంచి మార్చి దాకా సూళ్లూరుపేట చుట్టుపక్కల గూడబాతులు (పెలికాన్లు), ఫ్లెమింగోలు, కొంగలు వేలల్లో ఉంటాయి. నేలపట్టులో గూడబాతులు నీళ్లలోని చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. మొదటిసారి అక్కడ వాటిని చూడగానే ఆత్రం ఆగలేదు. బాట మీద వేగంగా నడుస్తూ, ఆగుతూ, మళ్లీ నడుస్తూ పోతున్నాను. గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన పిలిచాడు.

"ఏందమ్మా అంత బిరబిరా పోతుండావు? గుడ్ల మీద ఉండాయి. ఇట్టా వచ్చి కాసేపు కూసో."

కూర్చున్నాను. పావుగంట ఏమీ జరగలేదు. తర్వాత ఒక గూడబాతు చేపలతో వచ్చి నా ముందే గూట్లో దిగింది. పిల్ల దాని గొంతు సంచిలోకి తల దూర్చి తింటుంటే నా చేతులు వణికాయి. ఆ రోజు అరగంట కూర్చుని తీసినన్ని మంచి ఫోటోలు అంతకుముందు రెండు గంటలు తిరిగినా రాలేదు. గూళ్లున్న చోట పక్షి ఎగిరిపోయిందంటే గుడ్లకు ఎండ తగులుతుంది, కాకులకు దారి దొరుకుతుంది. ఎగురుతున్న ఫోటో కోసం చప్పట్లు కొట్టేవాళ్లను, రాళ్లు విసిరేవాళ్లను చూశాను. మీతో వచ్చినవాళ్లు ఆ పని చేస్తే మొహమాటపడకుండా ఆపండి. ఒంటి మీద ముదురు ఆకుపచ్చో, మట్టి రంగో ఉంటే మంచిది. నేను పాత ఖాకీ రంగు చున్నీ ఒకటి దీనికోసమే దాచుకున్నాను.

ఫ్లెమింగోలకు పులికాట్ దగ్గర సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు మంచి చోటు. ఆ రోడ్డు సరస్సు మధ్యలోంచి పడమటి నుంచి తూర్పుకు వెళ్తుంది. రెండు పక్కలా నీళ్లే. ఇక్కడే దిక్కుల లెక్క బాగా పనికొచ్చింది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు కాబట్టి, రోడ్డుకు ఉత్తరం పక్కన ఉన్న పక్షుల మీద వెలుగు నేరుగా పడుతుంది. రెక్కల్లోని గులాబీ రంగు కనబడేది ఆ పక్కనే. దక్షిణం పక్కన ఉన్నవి నల్లటి నీడల్లా వస్తాయి. మీకు నీడబొమ్మలే కావాలంటే అటు తీయండి, సూర్యోదయం వేళ అవీ బాగుంటాయి.

బండిని రోడ్డు దిగి పక్కకు ఆపండి, అది లారీలు, బస్సులు తిరిగే దారి. పక్షులు మనిషికి భయపడ్డంత కారుకు భయపడవు. కిటికీ దించి, తలుపు మీద ఒక మడతపెట్టిన టవల్ వేసి, దాని మీద లెన్స్ ఆనిస్తే చేయి కదలదు. ఏసీ వేసుకుని వెళ్తే మాత్రం అక్కడికి చేరడానికి ఇరవై నిమిషాల ముందే ఆపేసి అద్దాలు దించేయండి. చల్లబడిన లెన్స్‌కు సముద్రపు తేమ గాలి తగిలితే ఆవిరి పట్టేస్తుంది. ఒకసారి అలా పదిహేను నిమిషాలు తుడుచుకుంటూ కూర్చున్నాను, ఈలోగా గుంపు మొత్తం లేచి వెళ్లిపోయింది. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) చెక్‌పోస్టు వైపు, భద్రతా సిబ్బంది వైపు కెమెరా తిప్పకండి.

ఎగిరే పక్షికి షట్టర్ వేగం, అంటే కెమెరా రెప్ప తెరిచి మూసే వేగం, 1/1600 సెకను లేదా అంతకన్నా వేగంగా ఉండాలి. దానికి తగ్గట్టు ఐఎస్ఓను 400, 800 దాకా పెరగనివ్వండి. ఐఎస్ఓ పెరిగి ఫోటోలో చుక్కలు పడ్డా ఫర్వాలేదు, కదిలిపోయిన ఫోటోను మాత్రం ఎవరూ బాగుచేయలేరు. ఫోకస్ మోడ్‌ను కదిలేవాటిని వెంబడించే దానికి మార్చండి, కెనాన్‌లో దాన్ని ఏఐ సర్వో అంటారు. వెలుతురు విషయంలో ఒక చిక్కుంది. ముదురు నీళ్ల మీద తెల్ల కొంగ చిన్నగా ఉంటే కెమెరా నీళ్లను చూసి వెలుతురు పెంచేస్తుంది, కొంగ ఈకలు కనబడకుండా తెల్లటి మచ్చ అయిపోతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు దాకా తగ్గించండి. అదే కొంగ ఆకాశంలోకి లేస్తే కెమెరా ఆకాశాన్ని చూసి వెలుతురు తగ్గిస్తుంది, పక్షి నల్లబడుతుంది. అప్పుడు ఒక మెట్టు పెంచండి. పెద్ద పక్షులు గాలికి ఎదురుగానే లేస్తాయి, గాలికి ఎదురుగానే దిగుతాయి. చున్నీ అంచు ఎటు ఎగురుతుందో చూస్తే అవి ఎటు లేస్తాయో ముందే తెలిసిపోతుంది.

తొమ్మిది దాటాక సర్దుకోండి. పల్చటి నీళ్ల మీద ఎండ ముదిరితే గాలి మరుగుతున్నట్టు కదులుతుంది, దూరపు ఫోటో ఎంత మంచి లెన్స్‌తో తీసినా అలుక్కుపోయినట్టు వస్తుంది. ఫోన్‌తో వెళ్లినవాళ్లు పక్షిని దగ్గరికి లాగాలని జూమ్ చేయకండి. నీళ్లు, ఆకాశం, మధ్యలో గులాబీ గీతలా గుంపు, అలా వెడల్పుగా తీయండి. మా పిల్లలకు అదే ఎక్కువ నచ్చింది.

ఇక పాత కట్టడాలు. లేపాక్షి బసవన్న ఫోటోను మొదటిసారి క్లాసులో చూపినప్పుడు ఒక అబ్బాయి అడిగాడు, "మేడమ్, ఇది ఎంత పెద్దదుంటాది?" బసవన్న ఒక్కడే ఉన్న ఫోటో అది. ఒకే రాతిలో చెక్కిన ఆ నంది దాదాపు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. ఫోటోలో మాత్రం మా ఊరి గుళ్లో ఉన్న నందిలాగే ఉంది. తర్వాతిసారి వెళ్లినప్పుడు మా ఆయన్ని పక్కన నిలబెట్టి తీశాను. పిల్లలు "అబ్బో" అన్నారు. మనిషి అడ్డం లేకుండా తీయాలని గంటలు కాచుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఒక ఫోటో అలా తీయండి, ఇంకొకటి మనిషితో తీయండి.

అక్కడి వీరభద్రస్వామి గుడిని 16వ శతాబ్దంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. మండపం పైకప్పు నిండా రంగుల బొమ్మలున్నాయి. వాటి మీద ఫ్లాష్ వేయొద్దు, అన్ని వందల ఏళ్ల రంగులవి. పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి కావాలి. నేను కనిపెట్టిన ఉపాయం చెబుతాను. చున్నీ మడతపెట్టి నేల మీద పరిచి, దాని మీద కెమెరాను వెల్లకిలా, లెన్స్ పైకి చూసేలా పడుకోబెట్టండి. ఐఎస్ఓ 100, ఎఫ్ 8, టైమర్ 10 సెకన్లు. షట్టర్ రెండు మూడు సెకన్లు తెరిచి ఉన్నా కెమెరా కదలదు, బొమ్మల అంచులు స్పష్టంగా వస్తాయి. జనం నడిచే దారిలో మాత్రం పెట్టకండి. వేలాడే స్తంభం దగ్గర అందరూ కింద గుడ్డ దూర్చి ఫోటో దిగుతారు. ఆ సందును నిజంగా చూపించాలంటే ఫోన్‌ను నేలకు ఆనించి, స్తంభానికి అవతల ఎవరినైనా టార్చ్ వేసి పట్టుకోమనండి. స్తంభం కింద సన్నటి వెలుగు గీత కనబడుతుంది. గర్భగుడి వైపు కెమెరా ఎత్తకండి.

రామప్ప గుడికి వెళ్లాలంటే మాకు చాలా దూరం. అయినా రెండుసార్లు వెళ్లాను. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. గుడి తూర్పు ముఖం, కాబట్టి ముందు భాగం పొద్దున్నే తీయాలి. గోడలు ఎర్రటి ఇసుకరాయి, చూరు కింద మదనికలు, అంటే నాట్యకత్తెల బొమ్మలు, నున్నగా చెక్కిన నల్లరాయి. మదనిక వెనక ఆకాశం ఉంటే ఆమె ముఖం కనబడనే కనబడదు. ఎక్స్‌పోజర్‌ను ఒకటి, ఒకటిన్నర మెట్లు పెంచండి, ఆకాశం తెల్లబడినా పోనివ్వండి. ఇంకో మాట, కిందే నిలబడి తల పైకెత్తి తీస్తే బొమ్మ వంకరగా, కాళ్లు పెద్దగా, తల చిన్నగా వస్తుంది. వీలైనంత వెనక్కి వెళ్లి 55-250 లెన్స్‌తో తీయండి. అప్పుడు నడుము వంపు శిల్పి చెక్కినట్టే కనబడుతుంది. ఆ వంపు కోసం నేను గంటన్నర అక్కడే ఉన్నాను.

ప్రయాణంలో రెండు బ్యాటరీలు, రెండు చిన్న మెమరీ కార్డులు పెట్టుకోండి. ఒకే పెద్ద కార్డు పాడైతే ఆ ఊరి ఫోటోలన్నీ పోయినట్టే. రాత్రి గదికి చేరగానే ఫోటోలు ఇంకో చోటికి కాపీ చేసుకోండి. మనుషుల్ని తీసేటప్పుడు అడిగి తీయండి, చూపించండి, ఫోన్ ఉన్నవాళ్లకు అప్పటికప్పుడే పంపండి.

నా బ్యాగులో ఒక చిన్న నోట్‌బుక్ ఉంటుంది. ప్రతి చోటా నెల, సమయం, ఎటు తిరిగి నిలబడ్డానో రాసుకుంటాను. రామప్ప పేజీలో చివరి మాట ఇది: "జనవరి. ఉత్తరపు వాకిలి మొత్తం నీడ. జూన్ మొదట్లో, బడి తెరవక ముందు, పొద్దున్నే మళ్లీ రావాలి."