జలవిద్యుత్ అమ్మకం నేర్చుకుందాం – 4వ పాఠం: నీటి పట్టిక నుంచి కరెంటు పట్టికకు

గత పాఠంలో గ్లెన్ క్యాన్యన్ డ్యామ్ దగ్గర ఆగాం. అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు ఉత్తరపు అంచున, కొలరాడో నది మీద ఉన్న డ్యామ్ అది. ఎనిమిది జనరేటర్లు, 1,320 మెగావాట్ల సామర్థ్యం. డ్యామ్‌ను నడిపేది కేంద్ర ప్రభుత్వానికి చెందిన బ్యూరో ఆఫ్ రిక్లమేషన్. కరెంటును అమ్మేది మరో కేంద్ర సంస్థ, 1977 నాటి చట్టంతో ఏర్పడిన వెస్టర్న్ ఏరియా పవర్ అడ్మినిస్ట్రేషన్. దాన్ని ఇకపై వాపా అందాం.

ఈ రెండు పనులూ రెండు సంస్థల చేతిలో ఎందుకున్నాయో అర్థమైతే ఈ పాఠం సగం వచ్చినట్టే. అమ్మేవాడి చేతిలో తూము తాళం లేదు. ఏడాదికి ఎంత నీరు, నెలకు ఎంత నీరు కిందికి వదలాలన్నది కరెంటు ధరను చూసి తీసుకునే నిర్ణయం కాదు. 1922 నాటి కొలరాడో నదీ ఒప్పందంలోనే ఈ సంగతి తేలిపోయింది: విద్యుత్ కోసం నీటిని నిల్వ చేసుకోవచ్చు, కానీ సాగుకూ ఇళ్ల వాడకానికీ అది లోబడి ఉండాలి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో ఉత్పత్తి మీద 2021లో రెండు తెలుగు రాష్ట్రాల మధ్య నడిచిన వివాదం గుర్తున్నవారికి ఈ వరస కొత్తగా అనిపించదు. కాబట్టి మనం నేర్చుకునే నైపుణ్యం నీటిని పెంచడం కాదు. ఇచ్చిన నీటిని ఏ గంటలో ఎంత దింపాలో తేల్చడం.

కాగితం, పెన్సిలు తీసుకోండి. జూన్ నెలకు 6 లక్షల ఎకరా-అడుగులు వదలాలని పట్టిక వచ్చిందనుకుందాం. మన లెక్కలో దాదాపు 26 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే రోజంతా 11,574 క్యూసెక్కుల ప్రవాహం. 26ను 30 రోజులకు పంచితే సగటున దాదాపు 10,000 క్యూసెక్కులు వస్తుంది. గంటకో వరస చొప్పున ఈ 10,000ను రాసి 24 గంటలూ కూడితే మొత్తం 2,40,000. ఈ మొత్తాన్ని పట్టిక పైన పెద్దగా రాసి చుట్టూ గీత గీయండి. మనం ఏం చేసినా చివరికి ఈ అంకె దగ్గరికే రావాలి.

ఇప్పుడు నది పెట్టే షరతులు. కిందనే గ్రాండ్ క్యాన్యన్ ఉంది. ఒకప్పుడు కరెంటు గిరాకీని బట్టి ప్రవాహాన్ని ఒక్కరోజులోనే విపరీతంగా పెంచుతూ తగ్గిస్తూ ఉండేవారు. దానితో ఒడ్డున ఇసుక తిన్నెలు కోసుకుపోయాయి, చేపలకు నిలకడైన నీరు కరవైంది. 1992లో గ్రాండ్ క్యాన్యన్ రక్షణ చట్టం, 1996లో, 2016లో ప్రవాహ నిబంధనలు వచ్చాయి. ఇవి అమ్మకానికి అడ్డంకులని విసుక్కునే వారున్నారు. నేను ఒప్పుకోను. నది బతికి ఉంటేనే దాని మీద లెక్కలు వేసుకునే వీలు ఉంటుంది.

షరతులివి. ఉదయం 7 నుంచి రాత్రి 7 వరకు 8,000 క్యూసెక్కులకు తగ్గకూడదు, మిగతా వేళల్లో 5,000కు తగ్గకూడదు. పెంచేటప్పుడు గంటకు 4,000, తగ్గించేటప్పుడు గంటకు 2,500 దాటకూడదు. జూన్ నుంచి ఆగస్టు వరకు, ఒక రోజులోని గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య తేడా నెలవారీ నీటి పరిమాణాన్ని వేల ఎకరా-అడుగుల్లో రాసి పదితో గుణించినంత ఉండవచ్చు, 8,000 మించకూడదు. మన నెలకు 600 × 10, అంటే 6,000.

మొదటి ప్రయత్నం ఇలా చేద్దాం. రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు తొమ్మిది గంటలు 7,000. ఉదయం 7 నుంచి 8 వరకు 9,500. అక్కడి నుంచి రాత్రి 8 వరకు పన్నెండు గంటలు 12,500. ఆ తర్వాత ఒక గంట 10,000, మరో గంట 7,500. కూడి చూడండి: 63,000 + 9,500 + 1,50,000 + 10,000 + 7,500. సరిగ్గా 2,40,000. తేడా 5,500, ఏ షరతూ తప్పలేదు.

నీటిని కరెంటుగా మార్చే సూత్రం రెండో పాఠంలో చూశాం: సెకనుకు ఘనపు మీటర్లు × నీరు పడే ఎత్తు × 9.81 × సామర్థ్య నిష్పత్తి (నీటి శక్తిలో కరెంటుగా మారే వంతు). జవాబు కిలోవాట్లలో వస్తుంది. వెయ్యి క్యూసెక్కులంటే సెకనుకు 28.3 ఘనపు మీటర్లు. ఎత్తు 126 మీటర్లు, నిష్పత్తి 0.9 అనుకుంటే ప్రతి వెయ్యి క్యూసెక్కులకూ 31.5 మెగావాట్లు. పగలు 12,500 దగ్గర 394 మెగావాట్లు, రాత్రి 7,000 దగ్గర 220. రోజు మొత్తానికి 7,560 మెగావాట్-గంటలు, అంటే 75.6 లక్షల యూనిట్లు.

ఇక్కడ కాసేపు ఆగండి. అదే నీరు, రిజర్వాయరు నిండుగా ఉండి ఎత్తు 170 మీటర్లయితే? వెయ్యి క్యూసెక్కులకు 42.5 మెగావాట్లు, రోజుకు 102 లక్షల యూనిట్లు. వదిలిన నీరు ఒక్క చుక్క తగ్గకపోయినా, మట్టం పడిపోయినందుకే రోజుకు 26 లక్షల యూనిట్లకు పైగా పోయాయి. కరవు ఏళ్లలో ఈ డ్యామ్ వెనకున్న రిజర్వాయరు లేక్ పావెల్‌కు జరిగింది ఇదే. మట్టం సముద్రమట్టానికి 3,490 అడుగుల ఎత్తుకు దిగితే టర్బైన్లు ఆపేయాలి. 2023లో దానికి దాదాపు 30 అడుగుల దూరం వరకు వెళ్లింది. ఇక 2024లో, స్మాల్‌మౌత్ బాస్ అనే బయటి చేప పెరగకుండా అడుగునున్న చల్లటి నీటిని టర్బైన్ల పక్కనున్న గొట్టాల ద్వారా వదిలారు. అలా వెళ్లిన నీటికి మీ పట్టికలో కరెంటు సున్నా.

ఇంతకీ ఎవరికి అమ్మాలి? ఎక్కువ ధర పాడినవాడికి కాదు. చట్టం ప్రకారం పురపాలక విద్యుత్ సంస్థలు, గ్రామీణ సహకార సంఘాలు, ప్రభుత్వ సంస్థలు, మూలవాసి తెగలు ముందు వరసలో ఉంటారు. ధర మార్కెట్‌ను బట్టి కాక ఖర్చును బట్టి నిర్ణయిస్తారు: నిర్వహణ, పెట్టుబడి, దాని మీద వడ్డీ, రైతులు కట్టలేని సాగునీటి ఖర్చులో కొంత. సొంత తీగలు లేని తెగకు వాటా దక్కితే, స్థానిక సంస్థ ఆ కరెంటు తీసుకుని బిల్లులో తగ్గింపు ఇస్తుంది. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చుతుంది.

మాట ఇచ్చిన కరెంటు నదిలో లేకపోతే? పూర్వం వాపా బయట కొని ఇచ్చి, ఆ భారాన్ని అందరి ధరలో కలిపేది. 2021 డిసెంబరు నుంచి ఇక్కడ పద్ధతి మారింది. నది ఇచ్చినంతే అసలు వాటా. లోటును వాపా చేత కొనిపించుకోవాలా, తామే చూసుకోవాలా అన్నది కొనేవారి ఇష్టం. కొనిపించుకుంటే ఆ ఖర్చు వారిదే. అందుకే మీరు వేసే గంటల పట్టిక కొనేవారికి కూడా అంత ముఖ్యం.

అభ్యాసం: మధ్యాహ్నం సౌర విద్యుత్ పుష్కలంగా ఉంటుంది, పొద్దుగూకాక గిరాకీ మిగులుతుంది. పై పట్టికను మార్చి గరిష్ఠ ప్రవాహాన్ని రాత్రి 10 వరకు నిలపండి. మొత్తం మారకూడదు, షరతులు తప్పకూడదు. జవాబు చూసే ముందు కనీసం రెండుసార్లు ప్రయత్నించండి.

నా జవాబు: అర్ధరాత్రి నుంచి ఉదయం 7 వరకు 7,000, సాయంత్రం 4 వరకు 10,500, రాత్రి 10 వరకు 13,000, తర్వాతి గంట 10,500, చివరి గంట 8,000. రాత్రి 8 నుంచి 10 వరకు ఇంతకుముందు 5.5 లక్షల యూనిట్లు వస్తే, ఇప్పుడు 8.2 లక్షలు.