ఆర్‌ఎక్స్ 100 ఘాటీలో ఆగిపోతోందా? ముందు కరెంటు చూడండి

పర్లాకిమిడి, గుణుపురం వైపు యమహా ఆర్‌ఎక్స్ 100లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. తయారీ 1996లోనే ఆగింది కాబట్టి ఎంత లేత బండికైనా వైర్లు ముసలివే. ఆగిపోగానే కొందరు బేటరీ మార్చేస్తారు. దండగ. ప్లగ్గుకి కరెంటు ఇచ్చేది మేగ్నెట్టు, అంటే ఇంజనుతో పాటు తిరిగే అయస్కాంతాల చక్రం, దాని కాయిల్స్. బేటరీ హారనుకీ ఇండికేటర్లకీ.

అసలు స్టార్టవట్లేదు

ప్లగ్గు విప్పి క్యాపులో పెట్టి, దాని ఇనుప ఒళ్ళు ఇంజను హెడ్డుకి ఆనించి కిక్కు కొట్టండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పట్టుకోవాలి, పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. గాల్లో వేలాడదీసి కొడితే సీడీఐ (ప్లగ్గుకి సరైన క్షణంలో కరెంటు వదిలే ఎలక్ట్రానిక్ డబ్బా) పోవచ్చు. నీలంగా టపటపమంటే కరెంటు బాగున్నట్టే, కార్బరేటరు చూసుకోండి.

కొత్త ప్లగ్గుతోనూ రాకపోతే, సీడీఐ నుంచి తాళం స్విచ్చికి పోయే నలుపు-తెలుపు వైరు జాయింటు విడదీయండి. అప్పుడు కరెంటు వస్తే తప్పు స్విచ్చిది, లేదా హేండిల్ కింద ఒరుసుకుపోయిన వైరుది. అది విడిగా ఉన్నంతసేపూ తాళం తిప్పినా ఇంజను ఆగదు. టాప్ గేరు వేసి, బ్రేకు నొక్కిపట్టి, క్లచ్ వదిలితే ఆగుతుంది.

వానలో మిస్సింగ్

చీకట్లో ఇంజను నడిపి చూడండి. ప్లగ్గు క్యాపు చుట్టూ మెరుపులు కనిపిస్తే క్యాపు మార్చేయాలి. వైరు చివర చిలుము పట్టి పచ్చబడితే ఆ ముక్క కోసేసి బిగించండి.

వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్ళీ స్టార్టు

మహేంద్రగిరి ఎక్కేవాళ్ళకి తెలిసిన బాధే ఇది. కార్బరేటరు కడిగించుకుని, అదే మలుపులో మళ్ళీ ఆగుతారు. ఆగిన నిమిషంలోనే ప్లగ్గు చూడాలి, చల్లారితే సాక్ష్యం పోతుంది. కరెంటు లేకపోతే నా అనుమానం ముందు మేగ్నెట్టు ప్లేటు మీద ఉండే, సీడీఐకి కరెంటు పుట్టించే సోర్సు కాయిల్ మీదే. వెంట్రుకంత సన్నటి తీగ; ఎక్కడో చిట్లి, వేడికి సాగినప్పుడు విడిపోతుంది. అందుకే చల్లటి ఇంజను మీద ఓమ్స్ మీటరు పెడితే అంతా సవ్యంగానే చూపిస్తుంది. చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి కొలవండి. వేడిలో రీడింగు తెగిపోతే కాయిల్ పోయినట్టే. రెండుసార్లూ నిలకడగా ఉంటే, ఎప్పుడు కరెంటు వదలాలో సీడీఐకి చెప్పే పికప్ కాయిల్‌నీ అలాగే కొలిచి, చివరికి వేరే బండి సీడీఐ పెట్టి చూడండి.

పొలం మోటార్లు చుట్టేవాళ్ళు ఈ కాయిల్ కూడా చుడతామంటారు. ఆ లావు తీగ చేతివాటం దీనికి పనికిరాదు, కొత్త ప్లేటు కొనడమే మేలు. మేగ్నెట్టు చక్రాన్ని పుల్లరుతోనే (చక్రాన్ని బయటికి లాగే పనిముట్టు) తీయించండి. సుత్తి దెబ్బకి అయస్కాంతాలు చిట్లుతాయి. బిగించేటప్పుడు లోపలి చిన్న కీ (ఇనుప బిళ్ళ) గాడిలో కూర్చోకపోతే టైమింగ్ తప్పి, కిక్కు కాలి మీదికే తంతుంది.