ప్రింట్ నల్లబడి వస్తోందా? ముందు స్క్రీన్ వెలుగు చూడండి

మానిటర్ కాలిబ్రేట్ చేశాక (పరికరంతో దాని రంగులు, వెలుగు సరిచేశాక) కూడా ప్రింట్లు నల్లబడి వస్తుంటే, తప్పు చాలాసార్లు ప్రింటర్‌ది కాదు. కాలిబ్రేషన్ పరికరం రంగుల్ని సరిచేస్తుంది గానీ, వెలుగు ఎంత ఉండాలో మనం ఇచ్చిన అంకెనే పట్టుకుంటుంది. ఆ అంకెను తేల్చాల్సింది ప్రింట్‌ను చూసే చోట ఉన్న లైటు.

తెల్ల ఫొటో పేపర్ తన మీద పడే వెలుతురులో సుమారు 90 శాతం వెనక్కి పంపుతుంది. కాబట్టి లక్స్‌ను (కాగితం మీద పడే వెలుతురు కొలత) 3.5తో భాగిస్తే కాగితం ఎన్ని నిట్స్‌లో (కంటికి కనబడే వెలుగు కొలత, స్క్రీన్‌కూ ఇదే) కనబడుతుందో వస్తుంది: 350 లక్స్ కింద 100, 500 లక్స్ కింద దాదాపు 143. స్క్రీన్ 250 నిట్స్ దగ్గర ఉంటే ఏ ప్రింటరూ దాన్ని అందుకోలేదు.

లక్స్ మీటర్ లేకపోతే కెమెరా చాలు. మానిటర్‌ను అరగంట వెలగనిచ్చి, ఆటో బ్రైట్‌నెస్, నైట్ లైట్ ఆపేయండి. స్క్రీన్ నిండా తెలుపు తెరిచి, కెమెరాను మాన్యువల్, స్పాట్ మీటరింగ్‌లో (చిన్న చోటు వెలుగునే కొలిచే పద్ధతి) పెట్టి, ఫోకస్ చెదరగొట్టి రీడింగ్ తీసుకోండి. అదే ఐఎస్‌ఓ, అదే అపెర్చర్‌తో లైటు కింద ఉంచిన ఖాళీ ఫొటో పేపర్‌ను కొలవండి. రెండింటికీ ఒకే షట్టర్ స్పీడ్ వచ్చేదాకా మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గించండి. షట్టర్ 1/30 సెకను కన్నా నెమ్మదిగా ఉండాలి, లేకుంటే లైటు మినుకు వల్ల రీడింగ్ నిలకడగా ఉండదు. మామూలు గదిలో ఇది 80 నుంచి 120 నిట్స్ మధ్య తేలుతుంది. అది ఎంతో కాలిబ్రేషన్ పరికరంతో చూసి, ఆ విలువనే టార్గెట్‌గా ఇచ్చి మళ్లీ కాలిబ్రేట్ చేయండి. మొదట్లో స్క్రీన్ మసగ్గా అనిపిస్తుంది, కాసేపటికి కన్ను సర్దుకుంటుంది.

ఇంతా చేశాక ఫొటో ఎడిటర్‌లోని సాఫ్ట్ ప్రూఫింగ్‌లో (ప్రింట్ ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపే పద్ధతి) ఆ కాగితపు ఐసీసీ ప్రొఫైల్ (దాని మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు) ఎంచుకుని, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ (ఫొటోలోని నలుపును కాగితం ఇవ్వగల నలుపుకు సరిపెట్టే సెట్టింగ్) ఆన్ చేయండి. మ్యాట్ కాగితం మీద గాఢమైన నలుపు పడదు, కాబట్టి జుట్టు, చీర మడతల్లాంటి నీడల్లో వివరం కలిసిపోతుంది. అక్కడ ఎక్స్‌పోజర్ జోలికి వెళ్లకుండా షాడోస్ మాత్రమే కాస్త లేపండి.

ప్రింట్ నల్లగా ఉండటమే కాక వంగపండు రంగు తిరిగితే, రంగుల నిర్వహణ (కలర్ మేనేజ్‌మెంట్) ఎడిటర్‌లో ఒకసారి, ప్రింటర్‌లో ఒకసారి, మొత్తం రెండుసార్లు జరిగి ఉండొచ్చు. ఎడిటర్ ప్రొఫైల్ వాడుతున్నప్పుడు ప్రింటర్ డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆఫ్‌లో ఉండాలి.

పెద్ద సైజుకు వెళ్లేముందు ఫొటోలోని ఒకే ముక్కను 0, +0.3, +0.6 స్టాప్‌ల (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు) ఎక్స్‌పోజర్‌తో పక్కపక్కన ప్రింట్ చేసి, డై ఇంక్ అయితే ఒక రోజు ఆరాక పోల్చండి. పోల్చేది స్క్రీన్ పక్కన కాదు, ఫొటో తగిలించబోయే గోడ దగ్గర. అక్కడ వెలుతురు తక్కువైతే +0.6 ముక్కే సరైనది కావచ్చు, స్క్రీన్ మీద అది పాలిపోయినట్టు కనబడినా సరే.