కోడిపిల్లల్లో పుంజు ఏది, పెట్ట ఏది? రంగు చూసి చెప్పడం ఎలా

హైదరాబాద్‌లో మేడ మీద నాలుగు కోళ్లు పెంచుకుందామని ముర్గీ చౌక్‌లో పిల్లలు కొనేవాళ్లకు ఒకటే టెన్షన్: గుడ్ల కోసం తెచ్చుకుంటే అన్నీ పుంజులే తేలితే? తెల్లవారకముందే కూత మొదలైతే పక్కింటివాళ్లు ఊరుకోరు. అందుకే కొనే ముందే కాస్త చూసుకోవాలి.

1. ముందు తల్లిదండ్రుల సంగతి అడగండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. పుట్టిన రోజునే రంగుతో తేల్చడం కొన్ని సంకరాల్లోనే కుదురుతుంది. ఎర్రటి రోడ్ ఐలాండ్ రెడ్ పుంజును, తెల్లటి ఒంటికి నల్ల మెడ ఉండే లైట్ ససెక్స్ పెట్టతో కలిపితే, లేత పసుపు నూగుతో వచ్చేవి పుంజులు, గోధుమ రంగువి పెట్టలు. అదే పుంజును నలుపు తెలుపు చారల ప్లిమత్ రాక్ పెట్టతో కలిపితే పిల్లలన్నీ నల్లగానే ఉంటాయి, కానీ పుంజుపిల్ల నడినెత్తిన తెల్ల మచ్చ ఉంటుంది.

కారణం ఏమిటంటే, ఈ రంగుల జన్యువులు లింగాన్ని నిర్ణయించే జడ్ క్రోమోజోము మీద ఉంటాయి. పుంజుకు అవి రెండు, పెట్టకు ఒకటే. తల్లి తన జడ్‌ను కొడుకులకే ఇస్తుంది, కాబట్టి తల్లి గుర్తు వాళ్లలోనే కనిపిస్తుంది. ససెక్స్ పుంజును ఎర్ర పెట్టతో కలిపితే మాత్రం ఈ తేడా రాదు. ఈ సంకరం పిల్లలు పెద్దవై పెట్టిన గుడ్ల నుంచి వచ్చే పిల్లల్లోనూ దీన్ని నమ్మలేం.

2. రంగు అద్దిన పిల్లల జోలికి వెళ్లకండి

గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి వీధుల్లో అమ్మేవాటిలో నూగు అసలు రంగే కనిపించదు. పైగా వాటిలో ఎక్కువ భాగం గుడ్ల ఫారాలకు అక్కర్లేని పుంజుపిల్లలే. ఆ పసికూనలకు రంగు పూయడం నాకైతే సుతరామూ నచ్చదు.

3. నూగు పోయి ఈకలు వచ్చేదాకా ఆగండి

రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా లాంటి రంగురంగుల కోళ్లకూ, నాటు కోళ్లకూ ఇదే దారి. అడవి కోడి రంగు పోలిన నాటు పిల్లల్లో అయిదారు వారాలకు పెట్ట రొమ్ము లేత ఇటుక రంగుకు తిరిగి, వీపు మట్టి రంగు చుక్కలతో నిండుతుంది. పుంజుకు రొమ్ము మీద నల్ల ఈకలు, భుజాల మీద ఎరుపు కనిపిస్తాయి. చారల జాతుల్లో పుంజు తెల్లగా, పెట్ట ముదురుగా తేలుతుంది.

పూర్తిగా తెల్ల సేతువ, పూర్తిగా నల్ల కాకి రంగుల్లో మాత్రం రంగు ఏమీ చెప్పదు. అక్కడ ఈక ఆకారం చూడాలి. మూడు నెలలు దగ్గరపడేసరికి పుంజు మెడ మీదా, తోక మొదట్లోనూ మొనదేలిన, మెరిసే ఈకలు వస్తాయి. పెట్టవి గుండ్రంగానే ఉంటాయి.

4. గుర్తు పెట్టుకోండి

అనుమానం ఉన్న పిల్ల కాలికి రంగు రబ్బరు బ్యాండు వేసి, తేదీతో ఫోటో తీసుకోండి. పక్షం తర్వాత అదే వెలుతురులో మళ్లీ తీసి పోల్చితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. కాలు లావెక్కే కొద్దీ బ్యాండు బిగుసుకుంటుంది, కాబట్టి వారానికోసారి మార్చండి.