చియా డబ్బా తెరిచే ముందు: బల్లార్షా, చాందా వైపు కొత్తగా వచ్చిన తమ్ముళ్లకి

పోయిన ఆదివారం పొద్దున మా పక్క గదిలో కొత్తగా దిగిన పోరడు వచ్చి నా తలుపు దబదబా బాదాడు. మొహమంతా చెమటలు, చెయ్యి ఛాతీ మీద. "అన్నా, ఇక్కడేదో అడ్డం పడింది, దిగట్లేదు" అన్నాడు. ఏం తిన్నావురా అంటే చియా గింజలట, సబ్జాలా నీళ్లలో నానబెట్టి తినేవి. పెద్ద చెంచాడు పొడి గింజలు నోట్లో పోసుకుని, పైన అరగ్లాసు నీళ్లు తాగాడు. అరగంటకి ఎలాగో దిగింది కాబట్టి సరిపోయింది. ఇది వాడొక్కడి సంగతి కాదు. ఇక్కడికి వచ్చే మన పిల్లల్లో చాలామంది మొదటి జీతంతో చియా డబ్బా కొని చేసే పని ఇదే, అందుకే రాస్తున్నాను.

రూము, గ్యాసు, ఆధార్‌లో అడ్రసు మార్పు, ఇవేవీ నేను చెప్పను. మహారాష్ట్రలోని ఈ బల్లార్షా స్టేషన్‌లో దిగి తెలుగులో గట్టిగా తుమ్మితే నలుగురు మనవాళ్లు తిరిగి చూస్తారు, వాళ్లనడగండి. నా గోల తిండి గురించి.

నేను కాగజ్‌నగర్ వైపు నుంచి వచ్చినప్పుడు ఏప్రిల్ నెల. పొద్దున తర్రీ పోహా (కారం పులుసు పోసిన అటుకులు), మధ్యాహ్నం మెస్సులో చపాతీ, వరణ్ అనే ఇక్కడి పప్పు, ఆలుగడ్డ. రాత్రి అదే ఆలుగడ్డ, రంగు మారి. ఆకుకూర అన్నది కళ్లకి కూడా కనబడదు. గోంగూర కలలోకి వచ్చేదంటే నమ్మండి. కడుపు బరువెక్కింది, ప్యాంటు బిగుతయ్యింది. ఫోన్‌లో ఎవరో చియా తింటే పొట్ట కరుగుతుందన్నారు. కిలో ప్యాకెట్ తెచ్చి, రోజుకి నాలుగు పెద్ద చెంచాలు మొదలుపెట్టాను. మే నెల చాందా (చంద్రపూర్) ఎండ మీకింకా తెలియదు, 46, 47 డిగ్రీలు ఇక్కడ వింత కాదు. పనిలో తెచ్చుకున్న సీసా మధ్యాహ్నానికే ఖాళీ, మళ్లీ నింపుకోవడానికి బద్ధకం. నాలుగు రోజులు బాత్రూమ్‌కి వెళ్లడం, ఉత్త చేతులతో రావడం. నేను నేర్చుకున్న మొదటి మరాఠీ వాక్యం "పోట్ సాఫ్ హోత్ నాహీ", అంటే కడుపు శుభ్రం కావట్లేదు అని. దవాఖానా అన్న మాట వాళ్లకీ మనకీ ఒకటే కావడం అదృష్టం. డాక్టరు నవ్వి, "గింజలు నీళ్లు తాగాయి, నువ్వు తాగలేదు" అన్నాడు.

అసలు కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. చియా గింజ తన బరువుకి పది రెట్లకు పైగా నీళ్లు పీలుస్తుంది. స్టీలు గ్లాసులో ఒక చెంచా వేసి, నీళ్లు పోసి, కలిపి చూడండి. అయిదు నిమిషాలకి మళ్లీ కలపకపోతే అడుగున ముద్ద కడుతుంది. అరగంటకి ప్రతి గింజా చుట్టూ జిగురు తొడుక్కుని, మధ్యలో నల్ల చుక్కతో, అచ్చం వానాకాలం గుంటలోని కప్ప గుడ్లలా ఉంటుంది. ఈ ఉబ్బడం గ్లాసులో జరగాలి, మీ గొంతులో కాదు. 2014లో అమెరికాలో 39 ఏళ్ల మనిషి ఒకాయన సరిగ్గా మా పక్కగది పోరడిలాగే చేశాడు. గింజలు అన్నవాహికలో ఉబ్బి అతుక్కుపోతే ఎండోస్కోపీతో, అంటే గొంతులోంచి కెమెరా గొట్టం వేసి, అడ్డు తొలగించాల్సి వచ్చింది. ఎప్పుడైనా అలా అడ్డం పడి ఉమ్మి కూడా మింగలేకపోతే, పైన ఇంకో చెంబు నీళ్లు పోసుకోకండి, నేరుగా దవాఖానాకి నడవండి.

కిరాణా కొట్టులో సబ్జా చూపించి ఇదీ అదీ ఒకటే అంటారు. కాదు. రెండూ తులసి, పుదీనా కుటుంబానివే గానీ మొక్కలు వేరు. చియా పుట్టిల్లు మెక్సికో, గ్వాటెమాలా వైపు, ఇప్పుడు మన దేశంలో మైసూరు దగ్గర కూడా పండిస్తున్నారు. సబ్జా అంతా ఒకే నలుపు, నీళ్లలో వేసిన కొద్ది నిమిషాలకే ఉబ్బుతుంది. చియా నున్నగా, బూడిద, నలుపు, తెలుపు మచ్చలతో కలగలుపుగా ఉంటుంది, నానడానికి టైము పడుతుంది. సబ్జా అలవాటుతో చియాని రెండు నిమిషాలు నానబెట్టి గటగటా తాగేస్తే కడుపులో వాయువు రావచ్చు.

ఇంతకీ అందులో ఏముంది? వంద గ్రాముల్లో పీచు 34 గ్రాముల దాకా, మాంసకృత్తులు 16 గ్రాములు, కాల్షియం 630 మిల్లీగ్రాములు. చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ వంద గ్రాములు ఎవడు తింటాడు? మీరు తినేది ఒక పెద్ద చెంచా, అంటే 12 గ్రాములు. అందులో నాలుగు గ్రాముల పీచు, రెండు గ్రాముల మాంసకృత్తులు, 75 మిల్లీగ్రాముల కాల్షియం వస్తాయి. కాల్షియం కోసమైతే ఒక గ్లాసు పాలే నయం, మూడింతలు ఉంటుంది. మాంసకృత్తుల కోసమైతే గుడ్డు తినండి. పీచు సంగతి మాత్రం నిజమే. పెద్దవాళ్లకి రోజుకి కనీసం 25 గ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, మెస్సు ఆలుగడ్డతో అది రాదు. పొట్ట కరుగుతుందన్నది మర్చిపోండి. పీచు వల్ల కడుపు నిండినట్టుండి తర్రీ పోహా రెండో ప్లేటు అడగరు, అంతవరకే.

ఒమేగా-3 (ఒంటికి మంచిదనే ఒక రకం కొవ్వు) అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. ఉంది, కాదనను. అయితే అది మొక్కల్లో ఉండే రకం, చేపల్లో దొరికే రకంగా మన ఒంట్లో మారేది చాలా కొంచెం. పైగా ఆ మొక్కల రకం చియాలో కంటే అవిసెల్లోనే ఎక్కువ. ఇక్కడ అవిసెల్ని జవస్ అంటారు. మా ఇంటి ఓనరు కాకూ (పిన్ని అన్నమాట) జవస్ వేయించి, ఎండు మిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచిన పొడి జొన్న భాక్రీ (రొట్టె) మీద చల్లి నూనె వేసి పెట్టింది. మన కారప్పొడికి సొంత చెల్లెలు! చియా డబ్బాకి పెట్టినంత పెట్టక్కర్లేదు. అవిసెల్ని మాత్రం పొడి చేసే తినాలి, గింజగా మింగితే గింజగానే బయటికి పోతుంది.

ఎన్నిసార్లు చెప్పినా వినరు కాబట్టి మళ్లీ చెబుతున్నా: మొదటి వారం ఒక టీ చెంచాతోనే మొదలుపెట్టండి. అరగంట నానాలి, రాత్రంతా నానితే ఇంకా మంచిది. పెరుగులో గానీ మజ్జిగలో గానీ కలుపుకోండి. రోజంతా నీళ్లు తాగండి, సీసా ఖాళీ అయితే లేచి వెళ్లి నింపుకోండి, కాళ్లు అరగవు. ఊళ్లో అమ్మానాన్నలకి ప్యాకెట్ పంపే ముందు వాళ్లేం మందులు వాడుతున్నారో అడగండి. రక్తం పలచబడే మందులు, బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడిగాకే తినాలి. మింగడంలో ఇబ్బంది ఉన్న ముసలివాళ్లకి అసలు వద్దు.

ఇంత తిట్టాక ఒప్పుకోవాలి, నేను ఇప్పటికీ తింటున్నాను. రాత్రి మజ్జిగలో ఒక చెంచా వేసి కిటికీలో పెడతాను. మూడో నెలకి కడుపు దారిలో పడింది. చియా వల్లో, ఆదివారం సంతలో పాలకూర, మెంతికూర కొనడం నేర్చుకున్నందువల్లో తెలీదు, రెండింటి వల్లా అయ్యుంటుంది. మీకు మూడు నెలలు పట్టదులే తమ్మీ, నాకు చెప్పేవాడు లేక పట్టింది. పక్క గది పోరడు కూడా నిన్న గ్లాసు నానబెట్టి, అరగంటకి ఫోన్‌లో అలారం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ మరాఠీ వాక్యం మాత్రం వాడికీ రాసిచ్చాను.