ఊదా రంగు బురదగా మారుతుంటే

వాటర్‌కలర్‌లో ఎరుపు, నీలం కలిపితే ఊదాకి బదులు మట్టిరంగు వస్తోందంటే లోపం చేతిది కాదు, ట్యూబుది. కాడ్మియం రెడ్‌లో పసుపు ఛాయ ఉంటుంది. అల్ట్రామెరైన్ అనే నీలం తగలగానే రంగు చచ్చిపోతుంది. ట్యూబు మీద పేరు కాదు, పిగ్మెంట్ కోడ్, అంటే లోపలున్న అసలు రంగు పదార్థాన్ని చెప్పే గుర్తు చూడాలి. ఆ ఎరుపు తీసేసి పీవీ 19 కోడున్న గులాబీ రంగు క్వినాక్రిడోన్ రోజ్, పీబీ 29 అల్ట్రామెరైన్ కలిపాక నిగనిగలాడే ఊదా వచ్చింది.

సొంతంగా నేర్చుకునేవాళ్లకి రంగుల చార్టే గురువు. 300 జీఎస్‌ఎం దళసరి కాగితం మీద ఆరు రంగులకు 6×6 గళ్లు గీయాలి. ప్రతి గడిలో అడ్డవరస రంగు ఎక్కువ, నిలువువరస రంగు తక్కువ కలిపి వెయ్యాలి. కుంచె కడగడానికో గ్లాసు, శుభ్రమైన నీళ్లకు ఇంకోటి. ఆరాక రంగు పాలిపోతుంది, తడిగా ఉండగా చూసి తేల్చేయొద్దు. రెండు మూడు పిగ్మెంట్లు కలిపిన చవక ట్యూబులు మాత్రం ఈ పనికి శుద్ధ దండగ.